పదకొండు పెట్టెలు, ఒక చిట్టా

మొదటి పెట్టె ఏనుమాముల మార్కెట్ ఆఫీసుల పెట్టిన,
బీరువాకూ నీళ్ళ క్యానుకూ నడుమ.
రెండోది గొర్రెకుంట కోల్డ్ స్టోరేజీల,
మూడోది హన్మకొండ బ్యాంకుల, మెట్ల కింద.
మిగిలినయి నర్సంపేట రోడ్డు పొడుగునా
ఎవరి గోదాముల వాళ్ళకు.

లెక్క ఒక్కటే, నకళ్ళు పదకొండు.
ఒకరు రాసింది పదిమంది చూడాలె,
వాళ్ళు సరే అంటేనే పేజీ తిరగాలె,
తిరిగిన పేజీని దేవుడు గూడ చింపలేడు
అని చెప్పిన, మొదటి మీటింగుల.
చాయ్ తాగి అందరూ తలకాయ ఊపిండ్రు.

చెప్పుడు అల్క.
పెట్టుడే, ఒక్కోదానికి తొమ్మిది రోజులు.
తాళంచెవి ఒకచోట,
తాళంచెవి దాచిన అరకు తాళంచెవి ఇంకోచోట.
నువ్వు నువ్వేనని చెప్పే సర్టిఫికెట్,
ఆ సర్టిఫికెట్ అసలుదేనని చెప్పే ఇంకో సర్టిఫికెట్.
నాలుగు వందల ముప్పై వరుసల ఫైలుల
ఒక్క ఖాళీ జాగ ఎక్కువైతే
పొద్దుగూకేదాక దేవులాట.
ఆరో పెట్టె ఐదోదాన్ని గుర్తుపట్టది.
ఐదోది, ఫ్యానుల మిరపదుమ్ము చేరి,
తుమ్ము ఆపుకున్న మనిషి లెక్క
ఆగి ఆగి నడుస్తది.

మార్చి నెల. తేజ బస్తాలు గేటు దాటి రోడ్డెక్కినయి.
రాత్రి పన్నెండింటికి
ఎవ్వరికీ యాదిలేని గడువొకటి తీరింది.
ఏడాది కింద నేను పెట్టిందే.
పదకొండు పెట్టెలూ ఒక్కసారే
ఒకదాన్నొకటి నమ్ముడు బంజేసినయి.

తెల్లారి,
రేగొండ నుంచి వచ్చిన బుచ్చక్క
పద్దెనిమిది బస్తాల పక్కన గొంతుక్కూసున్నది.
జెండా పాట అయింది, కాంటా అయింది,
తక్‌పట్టీ రాదు.
"ఏమైంది బిడ్డా?"
"సర్టిఫికెట్‌కు కాలం చెల్లిందమ్మా."
"ఎవలది? నాదా?"
నాదేనని చెప్పనీకి నోరు రాలే.

దడ్వాయి రాజమొగిలి
చెవి మీది పెన్సిలు తీసిండు, అంగి జేబుల పుస్తకం తీసిండు.
బస్తాకో గీత, ఐదోది అడ్డగీత.
ఎంత తూకమో, ఏం ధరో, కింద తన పొట్టి సంతకం.
చింపి ఆమె చేతుల పెట్టిండు.
ఖరీదుదారు చూసిండు, అడ్తిదారు చూసిండు,
కోల్డ్ స్టోరేజీ మొయిన్ సాబ్ అద్దాలు సర్దుకొని చూసిండు.
ఒక్కరన్నా ఇది అసలుదేనా అనలే.
పది నిమిషాల్ల బస్తాలు లేచినయి.

ఎండకాలమంత కాజీపేట గదిల
విప్పిన, మళ్ళ కట్టిన.
తొమ్మిది రోజులు పోయి పావుగంట మిగిలింది.
నాలుగు వందల ముప్పై వరుసలు
ఆరు ప్రశ్నలైనయి:
పేరేంది, ఊరేంది, ఎవరి తరఫు,
ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు,
నువ్వు లేనినాడు ఎవరు?
ఆ ఆఖరిది ఏ పుస్తకంలనూ చదవలే,
మొగిలి జేబుల నుంచి కొట్టేసిన.
ఇప్పుడు గడువు నెల ఉండంగనే
పెట్టె తనంతట తనే కొత్త కాయితం అడుక్కుంటది.
దొరకకపోతే నా ఫోను మోగుతది,
నేనెత్తకపోతే మొయిన్ సాబ్‌ది.

పన్నెండో పెట్టె నేను పెట్టలే.
పరకాల జిన్నింగ్ మిల్లుల నవనీత పెట్టింది,
పొద్దంత పత్తి బిల్లులు కొట్టే పిల్ల.
"ఇగ ఏం నొక్కాలె అక్కా?" అన్నది ఫోన్ల.
"ఇగ ఏం లేదు."
కొంచెంసేపు ఇద్దరం ఊకున్నం,
ఆమెకు నమ్మబుద్ధిగాక,
నాకు చేతుల పని లేక.

మొన్న మొగిలి ఇరవై నాలుగుకు నలభై రెండు కొట్టిండు.
"గీకెయ్యి బిడ్డా" అని ఉరికొచ్చిండు.
"గీకరాదు మామా. పక్కన దిద్దు రాయాలె,
ఇద్దరు ఒప్పుకోవాలె."
"గంతేనా? మా నాయిన గట్లనే అంటుండె,
కొట్టేసింది కనబడాలె అని."
ఒంటి వేలితోని దిద్దిండు.
పన్నెండు చోట్ల పచ్చలైటు మినుకుమన్నది.
పెన్సిలు మాత్రం చెవి మీది నుంచి దిగలే.

ఇప్పటికీ సోమవారం సోమవారం
చిన్న బ్రష్షు సంచిల ఏసుకొని పోత.
ముక్కుకు దస్తీ కట్టుకొని
ఐదో పెట్టె ఫ్యాను రెక్కలు తుడుస్త.
దానికి మీట లేదు.